పడవ పెట్టెలో కత్తి

"ఉండేదాన్ని తుడిచేసి మళ్ళా తెచ్చుకుంటా ఉండావే, ఇది ఎన్నోసారి మే?" అన్నాను.

"మూడోసారి. ఉండాది గానీ లేదంటా ఉండాదవ్వా. అంతా కొత్తగా తెస్తే కనిపిస్తదేమోనని."

"ఉండేదాన్ని లేదనేది ఎవరు?"

"కంప్యూటరు. నీకు తెలీదులే, ఊరుకో."

"నాకు తెలీకపోతే పోనీ. నా ఫోన్లో నెట్టు మధ్యాన్నానికే అయిపోయిందని మాత్రం తెలస్తా ఉండాది."

గొడవ మా మనవరాలికీ నాకూ. నా కొడుకు కూతురు. నెల్లూరులో ఒక చిన్న కంపెనీకి జువ్వలదిన్నెలో మా ఇంటి వసారాలోనే కూర్చుని పని చేస్తుంది. రొయ్యల చెరువుల వాళ్ళు నీళ్ళ లెక్కలు ఫోన్లో చూసుకునే ప్రోగ్రాం అది. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఆ మూడు నెలలూ మర్నాటితో సరి. పొద్దున పది లోపల ఆ ప్రోగ్రాం మూట కంపెనీ కంప్యూటర్‌కు చేరాలి, చేరకపోతే వేరే వాళ్ళను చూసుకుంటారు. అందుకే పిల్ల మొహం అంత చిన్నదైపోయింది.

ఇంకోసారి రీచార్జి చేయించమంది. చేయించనన్నాను. ఒక రోజుకు ఇచ్చినదాన్ని మూడుసార్లు పారబోసిన వాళ్ళకు నాలుగోసారి ఇస్తే అదీ పోతుంది. పొద్దున ఎటూ కొత్తది వస్తుంది కదా. మాట అనేశానే గానీ మనసు ఊరుకోలేదు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా నా కళ్ళ ముందు జరిగే పని నాకు అర్థం కాకపోతే అన్నం సహించదు. ఉన్న వస్తువు లేదనిపించుకోవడం ఏమిటి? చేతిలో చాట పక్కన పెట్టి పిల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి నుంచి చెప్పమన్నాను.

ముందు విసుక్కుంది, తర్వాత చెప్పింది. ప్రోగ్రాం రాసేది తను. రాసిన ముక్కలన్నీ కలిపి, మూట కట్టి, కంపెనీకి పంపే పని తను చేత్తో చేయదు. దానికి బిల్డ్ టూల్ అని వేరే ఉంది. ఒక్కొక్క పనీ టాస్క్ అని దానికి రాసిపెడితే వరసగా చేసుకుపోతుంది. కలపడం బాగానే చేస్తోంది, మూట కట్టడం కూడా. పంపే టాస్క్ దగ్గరే ఆగిపోతోంది. పంపాలంటే ఒక లైబ్రరీ కావాలట. పుస్తకాలది కాదు, ఎవరో ముందే రాసిపెట్టిన తయారు సామాను. దాన్ని తెచ్చి ప్రాజెక్టులో పెట్టానంది, వేలుపెట్టి చూపించింది కూడా. నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం గానీ, పేరు చివర అంకెలు చదవగలను. సామాను ఉన్నమాట నిజమే. తను రాసుకునే చోట తప్పని చూపించే ఎర్ర గీత ఒక్కటీ లేదు. పంపమనగానే మాత్రం అట్లాంటిది లేదంటుంది.

అప్పుడు నాకు కత్తి గుర్తొచ్చింది.

మా ఆయన సముద్రానికి పోయే రోజుల్లో పడవలో ఒక రేకు పెట్టె ఉండేది. కత్తి, వల కుట్టే సూది, దారం, అగ్గిపెట్టె అందులో. ఒకనాడు ఇంట్లో కత్తి మొండిదైపోయింది. చేపలు కోసి ఉప్పు వేయాలి. రెండు కత్తులు ఎందుకులే, ఒకటి చాలు అనుకుని పడవ కత్తి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. తెల్లారి నడి సముద్రంలో వల ఇంజను రెక్కలకు చుట్టుకుంది. కోద్దామని పెట్టె తెరిస్తే కత్తి లేదు. ఇంకో పడవ వాళ్ళు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సగం వల పోయింది. వచ్చిన చేపలు మెత్తబడిపోయాయి. కత్తి యాడ అని అడిగాడు. "ఇంట్లోనే ఉండాది, యాడికి పోతది?" అన్నాను.

"ఇంట్లో ఉంటే నాకేం లాభం? సముద్రంలో ఉండే నా చేతికి అందద్దా?" అన్నాడు.

ఆ తర్వాత పడవ పెట్టెలో సామాను ఎవరు ఇంటికి తెచ్చినా నేను ఊరుకోలేదు. ఇప్పుడు ఆ పడవ నా కొడుకు నడుపుతున్నాడు, వాణ్ణీ తేనివ్వలేదు. ఎందుకని ఇంట్లో అడిగితే నా ఇష్టం అనేదాన్ని. తప్పు నాదని ఎవరికీ చెప్పింది లేదు. ఆ సాయంత్రం మనవరాలికి చెప్పాను.

వింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"నువ్వు తెచ్చింది నీ పెట్టెలో పెట్టుకున్నావా, ఆ పంపేదాని పెట్టెలోనా?" అని అడిగాను.

"రెండూ ఒకటే అనుకున్నానవ్వా," అంది.

ఒకటి కాదు. కంప్యూటరు తెర మీద తను రాసే కిటికీలోనే ఎక్కడో లోపలికి పోయి వెతికితే బిల్డ్ టూల్‌కు సొంతంగా ఒక జాబితా కనిపించింది. అది పని చేసేటప్పుడు ఆ జాబితానే చూసుకుంటుంది, ప్రాజెక్టు జాబితా వైపు తిరగదు. అందులో ఈ లైబ్రరీ లేదు. ఇన్నాళ్ళూ మూట పంపే పని ఆఫీసులోనే జరిగేదట, అక్కడి కంప్యూటర్‌లో ఎవరో ఆ జాబితాలో ముందే పెట్టి ఉంచడం వల్ల నడిచేదట.

"ఇక్కడ కూడా పెట్టాలవ్వా. ఒకే సామాను రెండు చోట్ల. నీకు దండగ అనిపిస్తదేమో."

"పెట్టు," అన్నాను.

పెట్టింది. పంపి చూడాలంటే నెట్టు లేదు. రీచార్జి మాట నేనూ ఎత్తలేదు, తనూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికే వసారాలో కూర్చుంది. మొదటిసారి మళ్ళీ ఆగింది. అయితే పాతది లేదని కాదు, ఆ లైబ్రరీకి తోడు కావాల్సిన ఇంకో లైబ్రరీ లేదని. అదీ తెచ్చి టూల్ జాబితాలోనే పెట్టింది. రెండోసారి మూట కంపెనీకి చేరింది. పదింపావుకు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. పిల్లను ఉంచుకుంటున్నామని, సోమవారం నుంచి మామూలుగా పని చేసుకోమని చెప్పారు. పిల్ల సద్దన్నం తిని పడుకుంది. నేను చేపలు ఎండలో వేశాను.