సగం వచ్చిన గోడ

సోమవారం పొద్దున కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. చేస్తున్న బొమ్మ పక్కనే చాప మీద పడుకుని, మళ్లీ లేవలేదట.

అత్త బొమ్మలు చేసి ప్రదర్శనలకు పెట్టేది గానీ, రంగులు కొన్నది తక్కువ. తుప్పు పట్టిన రేకులు, మరమగ్గాల దగ్గర పారేసిన నూలు, చిరిగిన గోనె సంచులు ఆమె షెడ్డులో గుట్టలుగా ఉండేవి. వాటితోనే బొమ్మ కట్టేది. నేను ఏదైనా కడగబోతే, "జర ఆగు. గా మరకనే నాకు గావాలె" అనేది.

ఒక మధ్యాహ్నం మాత్రం మరిచిపోలేను. ప్రాజెక్టు నీళ్లు మా ఊళ్లోకి వస్తున్నాయి. సామాన్లన్నీ ట్రాక్టర్ ఎక్కించాం. అప్పుడు వచ్చింది అత్త, బకెట్టెడు చింతగింజల జిగురుతో, పాత ధోవతి గుడ్డలతో. నేరుగా వంటింట్లోకి వెళ్లి, నానమ్మ పొయ్యి వెనక మసిబారిన గోడకు ఆ గుడ్డలు అతికించింది. ఎండాక లాగితే గోడ పైపొర మసితో సహా ఊడి వస్తుంది.

"అక్కా, నీళ్లు ఊరి నడుమ బొడ్రాయి దాటినయ్! దిమాక్ ఖరాబైందా నీకు?" బాపు కేకలేశాడు.

"ఇంక ఎండలే తమ్మీ. ఇప్పుడు గుంజితే అంత రాలిపోతది."

గుడ్డలు ఆరాలని నేను చాటతో విసురుతున్నాను. ట్రాక్టర్ హారన్ ఆగడం లేదు. నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. బాపు ఆమె రెక్క పట్టుకున్నాడు.

"అవ్వ జిందగంత గీ పొగలనే పోయింది. దాన్ని గుడ తీస్కపోయి మందికి జూపెట్టుకుంటవా?"

"నీకొక్కనికేనా అవ్వ? నాక్కాదా?"

అత్త చెయ్యి విడిపించుకుంది. తడి ఆరిందో లేదోనని గుడ్డకు చెంప ఆనించి చూసింది. రెండు చేతులతో లాగింది. సగమే వచ్చింది. దాన్ని వదులుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో బయటికి నడిచింది.

తర్వాత ఆ పొరను చెక్కకు అతికించి, పై గుడ్డను గోరువెచ్చని నీళ్లతో తడిపి ఒలిచింది. మసి బయటపడింది. మిగతా సగం ఉత్త చెక్కే.

"అత్తా, అక్కడ నల్ల రంగెయ్యరాదు?" అన్నాను.

"రానిదాన్ని వచ్చిందని ఎట్ల జూపిస్తనే?"

దాన్ని ఎవరికీ అమ్మలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ బాపు ఆ షెడ్డు గడప తొక్కలేదు.

దినాలయ్యాక తాళం తీసింది నేనే. బాపు వెనకే వచ్చి, చెప్పులు బయట విడిచాడు. ఎదురుగా నేల మీద, గోడకు ఆనించి ఉంది ఆ చెక్క. చాలాసేపు నిలబడి చూశాడు. "పోదమా బాపూ?" అన్నాను. మెల్లగా కిందికి వంగి, అన్నానికి కూర్చున్నట్టు, ఆ మసి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.