గోరింక పిలిచిన పేరు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేసేదాన్ని. పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. మావారు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే పడుకోవడానికి కూడా ఏనాడూ భయపడలేదు. ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందుకే.

ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. రాజమండ్రి దగ్గర కొత్తగా ఒక జంతువుల పార్కు పెట్టారు. తెరిచి ఏడాది కూడా కాలేదు. అక్కడ బోనులు కనిపించవు. కందకం అవతల రాళ్ల మధ్య ఎలుగుబంట్లు వాటి మానాన అవి తిరుగుతుంటాయి. పక్షుల విభాగమైతే చిన్న అడవే. పైన వల కప్పారని తెలియాలంటే తల బాగా ఎత్తి చూడాలి.

పెనుగొండలో ఉండే మా ఆడపడుచు విమల ఒకరోజు వచ్చి, "ఎన్నాళ్లని ఇంట్లో కూర్చుంటారు వదినా, రండి" అని నన్ను తీసుకెళ్లింది.

ఉదయం పదకొండు దాటింది. పక్షుల అడవిలో మేమిద్దరం, అక్కడ పనిచేసే ఆవిడ తప్ప ఎవరూ లేరు. వెదురు పొద దాటుతుంటే వెనక నుంచి ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. నా కాళ్లు ఆగిపోయాయి. మావారు గుమ్మం ముందు నిలబడి అచ్చం అలాగే సవరించుకునేవారు.

"నేనే. తలుపు తియ్యి, శాంతా."

ఆయన గొంతే. మాట చివర కాస్త బొంగురుపోయే ఆ గొంతును ఇరవై రెండేళ్లు విన్నాను. తిరిగి చూస్తే మనిషి లేడు. చేతికందే కొమ్మ మీద నల్లటి కొండ గోరింక ఉంది. నేను చూస్తుండగానే ముక్కు తెరిచి అదే మాట మళ్లీ అంది.

నా పేరు శాంత కాదు.

కొండ గోరింకలు మనిషి గొంతును అనుకరిస్తాయని నాకు తెలుసు. ఎవరింట్లోనో నేర్చుకుని ఉంటుందనుకుని అక్కడి ఆవిడను అడిగాను.

"ఇది ఇక్కడే గుడ్డులోంచి వచ్చిందండి. బయట ఎక్కడా పెరగలేదు. ఇది మాట్లాడగా నేనూ ఇప్పుడే వింటున్నానండి" అంది, బిత్తరపోయి.

విమల వైపు తిరిగాను. నాలాగే ఆశ్చర్యపోతుందనుకున్నాను. తను ఏడుస్తోంది.

"శాంత ఎవరు?" అన్నాను.

"మొగల్తూరులో ఉంటుంది వదినా. మీకు చెప్పొద్దని అన్నయ్య నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

మావారు రొయ్యల మేత కంపెనీలో పనిచేసేవారు. వారానికి రెండు రోజులు చెరువులు చూడాలని మొగల్తూరు వెళ్లి అక్కడే ఉండిపోయేవారు. ఆ రెండు రోజులకీ బట్టలు ఇస్త్రీ చేసి సంచిలో సర్దింది నేనే. పదకొండేళ్లు సాగిందట. విమలకి మొదటి నుంచీ తెలుసట. ఆయన ఆఖరి రోజుల్లో ఆసుపత్రి బెంచీ మీద నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది కూడా ఈ విమలే.

తిరుగు ప్రయాణంలో తనతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాటల్లేవు.

తర్వాత మూడుసార్లు ఒక్కదాన్నే ఆ పార్కుకి వెళ్లాను. వెదురు పొద పక్కన గంటలకొద్దీ నిలబడ్డాను. ఆ గోరింక ఈల వేసింది, పళ్ల ముక్కలు తింది, అంతే. ఆ తర్వాత తనూ ఎప్పుడూ వినలేదని అక్కడి ఆవిడ చెప్పింది.

ఆయన పోయాక పుట్టిన పక్షికి ఆ గొంతు, ఆ పేరు ఎలా తెలిశాయో ఎంత ఆలోచించినా నాకు అంతు పట్టలేదు. ఒకవేళ ఆ గొంతు నిజంగా ఆయనదే అయితే, పోయాక కూడా ఆయన తలుపు తియ్యమన్నది ఆమెనే.