పసుపునీళ్లతో కడిగిన చెక్కలు

మా ఆయన పోయిన ఆరు నెలలకు గరాజులోకి అడుగుపెట్టాను. గోడకు ఆనించి నాలుగు ఓక్ చెక్కలున్నాయి. కెనడాలో, ఈ ఏజాక్స్ ఊళ్లో ఇల్లు కొన్న నాటి నుంచి దేవుడి పటాలు వంటింటి అలమరలోనే ఉన్నాయని, మందిరం తానే చేస్తానని ఆయన తెచ్చినవి అవి.

నాకు మోకాళ్ల నొప్పులు. నిలబడి దీపం పెట్టలేను. అందుకే ఒకరోజు నన్ను పీట మీద కూర్చోబెట్టి, వత్తి వెలిగిస్తున్నట్టు చెయ్యి చాపమన్నారు. నేల నుంచి నా వేళ్ల దాకా కొలిచి, ఆ అంకె సుద్దముక్కతో చెక్క మీద రాసుకుని, కోయాల్సిన చోట గీతలు గీసుకున్నారు. రాయడం అయిపోయినా చెప్పకుండా నన్నే చూస్తూ నిలబడ్డారు.

"చెయ్యి లాగుతోందండీ!"

"అయ్యో, ఎప్పుడో అయిపోయింది. దించవోయ్," అని నవ్వారు.

ఆ తర్వాత రంపం పట్టే వేళ ఆయనకు రాలేదు.

ఆయన గీసిన చోట కోయడమేగా, నేర్చుకుందామనుకున్నాను. నేను బడికి వెళ్లలేదు. ఇంట్లో నాన్నే చదువు చెప్పారు. కాళ్లూ చేతులూ కడుక్కోనిదే పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు. ఆ అలవాటు చొప్పున, దేవుడికి వాడే చెక్క మైలగా ఉండకూడదని పసుపునీళ్లు కలిపి, స్తోత్రం చదువుకుంటూ కొబ్బరిపీచుతో నాలుగింటినీ రుద్ది కడిగాను. బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన ఆరబెట్టాను.

మర్నాడు చూస్తే చెక్కలు పడవల్లా వంగి ఉన్నాయి. అదీ పరవాలేదు. ఆయన గీతల కోసం వెతికితే ఒక్కటీ లేదు. కాగితం మీద ఎక్కించుకోవాలన్న ఆలోచనైనా రాలేదు నాకు. రోజూ పొద్దున్నే దేవుడు ఇచ్చినవి ఒక్కొక్కటీ చెప్పి దండం పెట్టుకునేదాన్ని, ఆ పూట పెట్టుకోలేదు.

పక్కింటి అన్నయ్యగారు ఒషావా కార్ల ప్లాంటులో రిటైరై, చెక్కపని సరదాగా చేస్తుంటారు. వచ్చి చూశారు.

"స్నానం దేవుడికి చేయించాలి గానీ చెక్కకి కాదమ్మా!"

నా కళ్లు చూసి వెంటనే నవ్వు ఆపుకున్నారు.

"చెక్కలు పోలేదులే. బరువు పెట్టి కొన్ని వారాలు వదిలెయ్. తర్వాత చిత్రిక పడదాం."

"గీతలో, అన్నయ్యగారూ?"

ఆయన చెక్కలను అటూ ఇటూ తిప్పి వెతికి, మళ్లీ గోడకు ఆనించారు.

బియ్యం బస్తాలు బరువు పెట్టాం. ఆ తర్వాత ప్రతి శనివారం అన్నయ్యగారు చిత్రిక పట్టడం నేర్పారు. మొదట్లో నా చేతికి పొడే రాలేది, తర్వాత రిబ్బన్‌లా చుట్టలు రాసాగాయి. అలాంటి మనిషిని పక్కింట్లో ఉంచినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. చిత్రిక కింద పసుపు కూడా పోయింది.

కోసే ముందు కొలత కావాలి. పీట వేసుకుని కూర్చున్నాను. మా అమ్మాయి టేపు పట్టుకుంది.

"అమ్మా, డోంట్ మూవ్."

చెయ్యి చాపాను.

"ట్వెంటీ సెవెన్ ఇంచెస్. డాడీ రాసింది కూడా ఇదేనా?"

"ఏమోనమ్మా. నేనప్పుడు చూడలేదు."

అది పెన్సిల్‌తో గీత గీసింది. "డన్. చెయ్యి దించు," అంది.

ఎంతసేపటికీ దించలేకపోయాను.