నేను లెక్కపెట్టిన మోకాలు

ఇల్లినాయి రాష్ట్రంలో మోకాలు మార్పించుకున్న మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. ఏళ్ల తరబడి అందరికీ ఇలాగే చెబుతూ వచ్చాను. ఎవరూ వెళ్లి వాకబు చేయరన్న ధైర్యంతో చెప్పిన మాట అది. కబడ్డీలో అరిగిందన్నది కూడా నేను పుట్టించిందే. కాలేజీలో నేను కబడ్డీకి స్కోరు రాసేవాణ్ణి. మోకాలు కీళ్లవాతంతో అరిగింది.

ఎనభైల మధ్యలో మాట. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపుతూ సర్జన్ గట్టిగా చెప్పాడు: రోజూ మూడు పూటలా మడమను పరుపు మీద వెనక్కి జరుపుతూ మోకాలు వంచాలి. లేకపోతే కోత మానిన చోట లోపల స్కార్ టిష్యూ గట్టిపడి కీలును పట్టేస్తుంది. ఆరు వారాలకి తొంభై డిగ్రీలు వంగకపోతే మత్తిచ్చి తానే బలవంతంగా వంచుతాడు.

మడమ ఒక్కసారి జరిపి చూశాను. ప్రాణాలు పైకి పోయాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

మర్నాటి నుంచి వెల్లకిలా పడుకుని, కాలు కదపకుండా, "ఒకటీ... రెండూ..." అని వంటింట్లో ఉన్న మా ఆవిడకి వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేను దగ్గర ఒక మూలుగు. ఇరవై దగ్గర "అమ్మా!"

"ఇంకొక్క పది, ఓర్చుకోండి!" అనేది ఆవిడ అక్కణ్ణుంచే.

శనాదివారాల్లో మా ఊరు నేపర్‌విల్‌లోని తెలుగువాళ్లు పులిహోర గిన్నెలతో పలకరించడానికి వచ్చేవారు. "అయ్యో, అన్నయ్యగారి కాలు అలా వదిలేశారేంటి వదినా!" అంటూ ఎవరో ఒకరు మోకాలి కింద దిండు దూర్చేవారు. దిండు పెడితే కాలు అలాగే బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు, అని మా ఆవిడ నసిగేది. "డాక్టర్లు అలాగే అంటారు లెండి" అని ఇంకో దిండు పెట్టేవారు. నేను కళ్లు మూసుకుని హాయిగా ఊరుకునేవాణ్ణి. ఎంత వంగుతోందని అడిగితే, ఎనభై అనేవాణ్ణి.

ఆరో వారం ఆస్పత్రిలో కొలిచారు. యాభై ఐదు.

వ్యాయామం చేయించారా అని సర్జన్ మా ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని నా కష్టాన్ని వర్ణించింది. ఎక్కడెక్కడ మూలిగానో కూడా చెప్పింది. సర్జన్ నా వైపు జాలిగా చూసి, మత్తిచ్చే రోజు ఖాయం చేశాడు.

తిరిగొస్తుంటే కారు ఆవిడే నడుపుతోంది. "నాదేనండీ తప్పు. మొహమాటానికి పోయి ఆ దిండ్లు పెట్టనిచ్చాను" అంది.

ఇక నా వల్ల కాలేదు.

"ఏమోయ్, కాలు నేను కదపలేదు. లెక్కొక్కటే పెట్టాను."

"మరి ఆ మూలుగులో?"

"అవి కూడా ఉత్తివే."

ఆవిడ సిగ్నల్ వేసి, కారు ఏదో షాపు ముందు ఆపింది.

"మీరు అమ్మా అన్నప్పుడల్లా స్టవ్ ఆపేసి దణ్ణం పెట్టుకున్నాను" అంది.

మత్తులో వంచారు. లోపల పట్టుకున్నదంతా చిట్లిందన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ డైనింగ్ కుర్చీ ఒకటి పడగ్గదిలోకి ఈడ్చుకొచ్చి, నా మడమ మీదే చూపు నిలిపి కూర్చుంది.

"మీరు నోరు మెదపొద్దు. లెక్క నేను పెడతాను."

ఈసారి మూలుగులన్నీ నిజమైనవి. ఆవిడ ఒక్కదానికీ కదల్లేదు. ముప్పై దాకా వచ్చాక మళ్లీ ఇరవై ఒకటి అంది.

"అదేం లెక్క?" అన్నాను.

"మీరా నాకు చెప్పేది?" అంది.

మడమ వెనక్కి జరిపాను.