తలుపు తీసి చెప్పాల్సిన మాట

మీ ఇంటి పండుగ భోజనానికి మీ కులం కానివాళ్లు ఎప్పుడైనా కూర్చున్నారా?

ఇరవయ్యేళ్ల కిందట ఆక్లాండ్‌లో మౌంట్ రాస్కిల్ వెళ్లే బస్సులో నా పక్కన మిరియం అనే యూదు పెద్దావిడ కూర్చుంది. తన మతంలో సంస్కరణవాది.

"సాయంత్రం మా పండగ. మా పూర్వీకులు బానిసత్వం నుంచి బయటపడ్డ రోజు. ఆకలిగా ఉన్నవాళ్లంతా వచ్చి తినండని భోజనానికి ముందు చదువుతాం," అంది.

"తలుపు తీసి చదువుతారా, మూసి చదువుతారా?" అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మూసే! శరణార్థుల కోసం ఊరేగింపులు తీశాను గానీ, ఇది తోచలేదు." వెంటనే లేచి, ఆకలిగా ఉన్నవాళ్లంతా మా ఇంటికి వచ్చి తినండని బస్సంతటికీ అరిచి చెప్పింది.

"మాంసం ఉంటుందా, ఆంటీ?" అన్నాడు ఫిజీ నుంచి వచ్చిన డ్రైవర్.

"ఉంటుంది. రొట్టె మాత్రం పిండి పులియబెట్టకుండా చేస్తాం, మాడిన అప్పడంలా ఉంటుంది, ఏమనుకోకు!"

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి బస్సులోంచి పదకొండుమంది వచ్చారు. కుర్చీలు చాలలేదు. ప్రశ్న అడిగిన పాపానికి నన్నే నిలబెట్టి తినిపించింది.

ఈ పండక్కి మీరూ తలుపు తీసి, కులం అడక్కుండా పిలవండి. కుర్చీలు చాలకపోతే మీరే నిలబడండి.