మెట్లు లేని కొండకు

మా మేడమ్ కుటుంబం వంతెన మీదుగా సౌదీలోని చుట్టాల ఇంటికి వెళ్తూ నాకు రెండు రోజులు సెలవిచ్చింది. బహ్రెయిన్‌లో, ఈ మనామా ఊళ్ళో, ఆ ఇంట్లో పనికి కుదిరి ఇరవై నెలలు. ఇదే మొదటి సెలవు, అదీ నేను అడక్కుండానే. ఆ తల్లికి మనసులో నమస్కారం పెట్టుకుని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నాకొక మొక్కు ఉంది. మా చెల్లెలు సుబ్బలక్ష్మికి కాన్పు కష్టమై, తల్లీబిడ్డా దక్కుతారో లేదో తెలియని రోజున, ఇద్దరూ బతికితే అన్నవరం కొండ మెట్లకు పసుపు రాసి బొట్టు పెడతానని మొక్కుకున్నాను. స్వామి దయవల్ల ఇద్దరూ దక్కారు. ఇవాళా రేపూ అనుకుంటుండగానే నాకు వీసా వచ్చింది. ఆ ఆలస్యం నాదే. ఇప్పుడు పిల్లవాడికి మూడో ఏడు నిండవస్తోంది, పుట్టువెంట్రుకలు ఆలోపే తీయించాలి. "నీ మొక్కు తీరందే వాడి తల మీద కత్తి పెట్టనివ్వనంటున్నారు మా అత్తగారు" అని చెల్లెలు రాసింది. ఇక్కడ నా రెండేళ్ళ పని గడువు తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది. అదే ఉత్తరంలో మా ఊరి పంతులుగారి మాట కూడా ఉంది: ఉన్నచోటే ఏదో ఒక కొండ చూసుకుని, స్వామిని తలచుకుని మెట్లకు పసుపు రాస్తే చెల్లుతుందట.

ఈ ద్వీపం మధ్యలో ఒక కొండ ఉంది. జబల్ దుఖాన్, పొగ కొండ అని అర్థం. నిప్పులు కక్కే కొండేమోనని భయపడి మేడమ్‌ని అడిగాను. "నిప్పూ లేదు, పొగా లేదు. తేమ ఎక్కువైన రోజున దూరం నుంచి మసకగా కనిపిస్తుంది, అంతే" అంది.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు మనామాలో బస్సెక్కి, ముహరక్‌లో మారి, నాలుగింటికి హిద్ చేరాను. నా సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉన్నాయి. కాయ పీచు పక్కావిడ నల్లటి ముసుగుకి గుచ్చుకుంటోంది. ఆమె కోప్పడలేదు, నవ్వి తన కూరల సంచి జరిపి చోటిచ్చింది.

హిద్‌లో ఒక ఇంట్లో వంట చేసే మంగాయమ్మగారిది పాలకొల్లు. ఆ రాత్రి నా బస ఆవిడ గదిలోనే. సాయంత్రం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది. తీగతో గుమ్మటాల్లా అల్లిన చేపల బుట్టలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. అలల చప్పుడే లేదు.

మాఘమాసం కదా, తెల్లవారుజామున సముద్రస్నానం చేద్దామని దిగాం. ఎంత దూరం నడిచినా నీళ్ళు మోకాలు దాటలేదు.

"ఇలా నడిస్తే అవతలి దేశం వచ్చేత్తాదే అమ్మాయ్! చెంబుతో పోసుకో" అంది మంగాయమ్మగారు. చలికి వణుకుతూ అలాగే పోసుకున్నాం.

శుక్రవారం ఏడున్నరకు వ్యాను వచ్చింది. తలా ఒక దినార్. డ్రైవరు మలయాళీ ఆయన. దారిలో అస్కర్‌లోని కూలీల క్యాంపు దగ్గర ఐదుగురు ఎక్కారు. అందరూ జగిత్యాల వైపు వాళ్ళే. వాళ్ళలో పెద్దవాడు రాజన్న, మేస్త్రీ. మంగాయమ్మగారు వండే ఇంటి ప్రహరీ కట్టిందీ, ఈ వ్యాను మాట్లాడిందీ ఆయనే.

"దుబాయికొచ్చి తొమ్మిదేండ్లాయె, ఒక్క గుట్ట ఎక్కకపోతి చెల్లె" అన్నాడు.

"ఇది దుబాయి కాదు, బహ్రెయిను" అంది మంగాయమ్మగారు.

"మాకు అన్నీ దుబాయే అక్కా."

తొమ్మిదింటికి ఎడారిలోని ఒంటరి చెట్టు దగ్గర ఆగాం. చుట్టూ ఇసుక, నడుమ అంత పచ్చటి చెట్టు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో ఎవరికీ తెలియదన్నారు. నేను దాని నీడలో కాసేపు చేతులు జోడించుకుని నిలబడ్డాను.

పదిన్నరకు కొండ కింద దిగాం. చూడదలచినవాళ్ళు గట్టి చెప్పులు, మంచినీళ్ళు తీసుకెళ్ళాలి. కొండ చిన్నదే. పైన టవర్లున్న చోటికి వెళ్ళనివ్వరు, పక్క గుట్ట మీదికి కాలిదారి ఉంది. పసుపు గిన్నెలో కలుపుకుని దారి మొదట్లోకి వెళ్ళాను. చెప్పులు విడిచి ముందుకు చూసి అలాగే ఉండిపోయాను.

మెట్లు లేవు. గులకరాళ్ళు, మట్టి, అంతే. కొండంటే మెట్లు ఉంటాయనే అనుకున్నాను. ఉంటాయా అని ఎవరినీ అడగాలని కూడా తోచలేదు.

"రాళ్ళకే రాసెయ్యవే, ఆయనకి తెలీదా ఏంటి" అంది మంగాయమ్మగారు.

నా మనసు ఒప్పలేదు. నేను మొక్కింది మెట్లకు. ఒకసారి ఆలస్యం చేసినదాన్ని, ఇప్పుడు మాట కూడా మార్చమంటారా అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాజన్న వచ్చి సంగతంతా విన్నాడు. దారిని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"మెట్లు లేకుంటె ఏడ్సుడెందుకు? కడ్తం. ఎన్ని గావాలె?"

నేను బిత్తరపోయి, "పదకొండు" అన్నాను.

అతను మిగతావాళ్ళను కేకేశాడు. ఒకతను సణిగాడు: "ఇయ్యాల సుట్టీ అని తోల్కొచ్చి మల్ల డ్యూటీకెక్కిస్తివి రాజన్నా."

"ఓవర్‌టైం రాసుకోరా."

బల్లపరుపు రాళ్ళు ఏరి తెచ్చారు. రాజన్న మట్టిని చేత్తో చదును చేసి, రాయి పెట్టి, కింద చిన్న రాళ్ళు దూర్చి, ఒక్కో మెట్టు మీద తానే నిలబడి కదలదని చూసుకున్నాడు. ముప్పావుగంట పట్టింది. పదకొండోది పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

నేను వంగి ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, స్వామి పేరు చెప్పుకుంటూ పైకి వెళ్ళాను. చివరి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టాను. దిగి వచ్చేసరికి రాజన్న తలపాగా విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఈడికొచ్చినప్పటి సంది మెట్లే కడుతున్న చెల్లె. సిమెంటు ఆరినంక మల్ల వాటి మీద కాలు పెట్టింది లేదు. నేను గట్టిన మెట్టుకు పసుపు పెట్టంగ ఇయ్యాలనే చూస్తున్న."

డ్రైవరు గడియారం చూసి "యల్లా" అని తొందరపెట్టాడు. రాజన్న మళ్ళీ దారి దగ్గరికి వెళ్ళి ఆ పదకొండు రాళ్ళనీ ఒక్కొక్కటిగా బోర్లించాడు. పసుపు, కుంకుమ తెలియక ఎవరి కాళ్ళ కిందా పడకూడదు కదా. అది నాకు తోచవలసింది, ఆయనకు తోచింది.

ఒంటిగంటకు జల్లాక్ తీరంలో దిగి, పొద్దున్నే నేను వండి తెచ్చిన పులిహోర, కొబ్బరి ముక్కలు అందరం తిన్నాం. "పులుపు తక్కువైందే" అంటూనే మంగాయమ్మగారు రెండోసారి పెట్టించుకుంది. పడమటి గాలి చల్లగా కొడుతోంది.

తిరుగు ప్రయాణంలో అస్కర్ దగ్గర వాళ్ళు దిగిపోయారు. ఏదైనా ఇద్దామంటే రాజన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మనామాలో నన్ను దింపేసరికి అయిదైంది. ఎవరూ లేని ఇంట్లో దీపం పెట్టి, ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నా గోళ్ళలో ఇంకా పసుపు ఉంది. ఈ ద్వీపాన్ని రెండు రోజుల్లో చూసింది కొంచెమే. కానీ నా మీద ఉన్న బరువు దింపించి పంపింది, ఈ నేలకు ఋణపడి ఉన్నాను.

చెల్లెలికి ఇలా రాశాను: "మొక్కు తీరింది. వాడికి వెంట్రుకలు తీయించండి. మెట్లు పదకొండు. పూజలో మన అందరి పేర్లతో పాటు రాజన్న అనే పేరు కూడా చెప్పించు. గోత్రం అడగడం మరిచిపోయాను. పంతులుగారు అడిగితే, మెట్లు కట్టినాయన అని చెప్పు."