లేపుడు చూడు

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. డోలక్ అంటే ఎంత పిచ్చో, చేతికి అంత తొందర. పినపాకలో మా మేనత్త పాడుతూ నడిపే ఆడవాళ్ల కోలాటం జట్టుకు నేనే వాయించేదాన్ని. మొదటి చరణం బాగానే నడిచేది. రెండోది వచ్చేసరికి ఒళ్లు ఊగి చేతులు ఉరికేవి. నా వేగం అందుకోలేక ఒకరి కోలలు ఇంకొకరి వేళ్ల మీద పడేవి. ఒకామె బొటనవేలు కమిలిపోయింది కూడా. అయినా నేను తగ్గితేనా! మీరే వెనకబడుతున్నారని ఎదురు దబాయించాను.

అత్తకు ఒళ్లు మండింది. శనివారం గుడి ముందు ఆట ఉంది, ఆలోగా చెయ్యి నిలవకపోతే డోలక్ ఇంకొకరికి ఇచ్చేస్తానని తేల్చి చెప్పింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కోపం కోపమే, పని పనే. మర్నాడు ఏడాదికి సరిపడా కారం దంచడానికి నన్నే పిలిచింది. ఒకే రోలు, చెరో రోకలి. ఒకరిది దిగుతుంటే ఇంకొకరిది లేవాలి. పది పోట్లయినా పడకముందే నా రోకలి వెళ్లి అత్త రోకలికి టక్కున తగిలింది. కారం ఎగిరి ఇద్దరం తుమ్మలేక చచ్చాం. మళ్లీ అదే తంతు. మూడోసారి అత్త రోకలి ఆపేసింది.

"ఏంది కోడలా, ఎంతసేపూ దంచుడే చూస్తవ్? లేపుడు చూడు. నిమ్మళంగ లేపితే నిమ్మళంగనే పడ్తది."

చూశాను. రోకలిని పైదాకా ఓపిగ్గా వెళ్లనిచ్చాను. అబ్బ, ఏం చెప్పను! కాయలన్నీ పొడి అయ్యేదాకా ఒక్కసారి కూడా తగల్లేదు. చేతులు గబగబా కడుక్కుని డోలక్ ముందు కూర్చున్నాను. ఇన్నాళ్లూ దెబ్బనే లెక్కపెట్టుకుంటూ, చెయ్యి లేచే సమయాన్ని మింగేస్తున్నానని అప్పుడు తెలిసింది. సంతోషం పట్టలేక ఇల్లంతా అదరగొట్టాను. శనివారం దాకా అదే పని.

గుడి ముందు ఇరవై మంది ఆడవాళ్లు కోలలు పట్టారు. జనం ఈలలు వేస్తున్నారు. రెండో చరణంలో హుషారెక్కి, ఈసారి అత్త గొంతే ఉరికింది. ఆమె వెంట పరిగెత్తాలా? చేతిని నిదానంగా లేవనిచ్చాను, అంతే. కోలలన్నీ నా డోలక్‌తోనే నిలిచాయి. అత్త ఒక్క క్షణం పాట ఆపి, మళ్లీ మాతో వచ్చి కలిసింది.

ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ అందరూ వినేలా అంది.

"ఇయ్యాల ఉరికింది నేను. నన్ను ఆపింది నా కోడలు."